ఇంటిపని వెనక పని

52లోంచి 27 తీసేస్తే 25. మూడో తరగతి పిల్లలకి ఇచ్చే మామూలు లెక్కే కదా అనుకుని నేనూ ఇచ్చాను. ఆ లెక్క ఇంటిపనికి పనికిరాదని, దాని పక్కనే ఉన్న 53లోంచి 27 మాత్రం బాగా పనికొస్తుందని మా పిన్ని చెప్పేదాకా నాకు తెలీదు. ఈ వ్యాసం ఆ ఒక్క అంకె తేడా దగ్గర మొదలైంది.

మా కాలేజీ ఎన్.ఎస్.ఎస్. తరఫున మేం నలుగురం వారానికి నాలుగు సాయంత్రాలు గాజువాక దగ్గర ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో పిల్లలకి చదువు చెప్తున్నాం. మూడు నుంచి ఐదో తరగతి దాకా ఇరవై ఆరుగురు వస్తారు. తండ్రుల్లో కాంట్రాక్టు కార్మికులు, ఆటో డ్రైవర్లు, పోర్టులో లోడింగుకి వెళ్లేవాళ్లు ఉన్నారు. తల్లుల్లో కొందరు తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకి వెళ్లి చేపలు తెచ్చి వీధుల్లో అమ్ముతారు. లెక్కలు నా వంతుకి వచ్చాయి. మొదటి వారమే ఉత్సాహంగా ఇరవై తీసివేతలతో ఒక కాగితం తయారుచేసి, జిరాక్సు తీయించి అందరికీ పంచాను. మర్నాడు ఇరవై ఆరు కాగితాలు తిరిగొచ్చాయి, అంటే మొత్తం 520 లెక్కలు. లెక్కకి ఐదు సెకన్లు పట్టినా నలభై మూడు నిమిషాలు. మా క్లాసు ఉండేది గంటన్నర! పిల్లలు అరుస్తుంటే నేను ఎర్ర పెన్ను పట్టుకుని టిక్కులు కొడుతూ కూర్చున్నాను.

ఆదివారం ఆ కట్ట పట్టుకుని పిన్ని ఇంటికి వెళ్లాను. పిన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఎస్.జి.టి. మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో ఆవిడ ముందు కూర్చుంటాయి. ఇందులో వింతేం లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు చాలు, తరగతులు మాత్రం ఐదు. ఒక తరగతికి పాఠం చెప్తుంటే రెండో తరగతి ఖాళీగా ఉండకుండా ఏదో ఒక పని ఇవ్వాలి. అందుకే వీళ్లకి పని తయారుచేయడం చేతివాటంగా వచ్చేస్తుంది.

పిన్ని నా కాగితం చూసి ముందు నవ్వింది. తర్వాత ఒక పిల్లాడి జవాబు మీద వేలు పెట్టింది. 52 − 27 = 35 అని ఉంది. "తప్పు అని కొట్టేశావు సరే. ఎందుకు తప్పాడో చెప్పు" అంది.

నేను చూశాను. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీసేసి ఉంటాడు. 5 వచ్చింది. పదుల్లో 5లోంచి 2 తీస్తే 3. మొత్తం 35.

"అయ్యుండొచ్చు. లేదా అప్పు తీసుకున్నాడు, 12లోంచి 7 తీస్తే 5 వచ్చింది, కానీ పదుల దగ్గర ఒకటి తగ్గించడం మర్చిపోయాడు. అప్పుడూ 35 వస్తుంది. మొదటివాడికి అప్పు అంటేనే తెలీదు. రెండోవాడికి తెలుసు, మర్చిపోయాడంతే. ఇద్దరికీ ఒకే మందు వేస్తావా?"

నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చి కాగితం మీద పెట్టి చూశాను. ఒకట్ల స్థానంలో పై అంకె 'ప', కింది అంకె 'క' అనుకుందాం. తిరగేసే పిల్లకి వచ్చేది క − ప. అప్పు తెచ్చి మర్చిపోయే పిల్లకి వచ్చేది 10 + ప − క. ఈ రెండూ సమానమయ్యేది క − ప విలువ 5 అయినప్పుడే. అంటే ఒకట్ల అంకెల మధ్య తేడా సరిగ్గా 5 ఉన్న లెక్క ఇస్తే రెండు తప్పులూ ఒకే ముసుగు వేసుకుని వస్తాయి. 53 − 27 ఇస్తే తిరగేసినవాడికి 34, మర్చిపోయినవాడికి 36, సరిగ్గా చేసినవాడికి 26 వస్తాయి. జవాబు చూడగానే పిల్లాడి బుర్రలో ఏం జరిగిందో తెలిసిపోతుంది. నా ఇరవై లెక్కల్లో నాలుగు ఈ 5 తేడావే. పిన్నికి ఈ సమీకరణం తెలీదు, తప్పు లెక్కల నోట్‌బుక్కులు ఏళ్ల తరబడి దిద్ది దిద్ది తెలుసుకుంది.

దీనిమీద 1978లోనే పెద్ద పరిశోధన జరిగిందని తర్వాత తెలిసింది. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పిల్లల తీసివేత తప్పుల్ని మన ప్రోగ్రాముల్లో బగ్గుల్లా చూశారు. పిల్లలు గుడ్డిగా తప్పులు చేయరు, ఒక తప్పు పద్ధతిని చాలా నిజాయితీగా పాటిస్తారు అన్నది వాళ్ల వాదన. ఆ బగ్గుల్ని గుర్తుపట్టడంలో టీచర్లకి తర్ఫీదు ఇవ్వడానికి 'బగ్గీ' అని ఒక కంప్యూటర్ ఆట కూడా తయారుచేశారు. టెస్ట్ కేసులు రాసే అలవాటున్న మన సీఎస్‌ఈ మిత్రులకి ఇదంతా సొంత ఊరిలా అనిపిస్తుంది. మంచి టెస్ట్ కేసు అంటే ప్రోగ్రాం ఫెయిలైనప్పుడు ఎక్కడ ఫెయిలైందో చెప్పేది. మంచి ఇంటిపని లెక్క కూడా అంతే.

ఇప్పుడు నేను ఇచ్చేవి ఐదే లెక్కలు. దిద్దడానికి పదకొండు నిమిషాలు చాలు. మిగతా సమయంలో ఎవరికి ఏ జబ్బో ఆ మందు.

దిద్దే సమయం అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఇంటిపని రూపురేఖల్ని అన్నిటికన్నా ఎక్కువ నిర్ణయించేది అదే. కంట్రోల్ సిస్టమ్స్‌లో ఓపెన్ లూప్, క్లోజ్డ్ లూప్ చదువుకున్నాం కదా. ఇచ్చి, చూడకుండా వదిలేసిన ఇంటిపని ఓపెన్ లూప్. చూడరని పిల్లలు రెండో రోజుకే కనిపెట్టేస్తారు. వారం తర్వాత చూసి ఇస్తే ఫీడ్‌బ్యాక్ ఉన్నట్టే గానీ అంత ఆలస్యంగా వచ్చిన ఫీడ్‌బ్యాక్‌తో సిస్టమ్ కుదురుకోదు. వారం రోజులు ఆ తప్పునే సాధన చేసి, దాన్ని గట్టిపరుచుకుని కూర్చుంటాడు పిల్లాడు. అందుకే పిన్ని సూత్రం ఒకటే. మర్నాడు పొద్దున్న పదిహేను నిమిషాల్లో చూడలేనంత ఇంటిపని ఇవ్వకూడదు. ముందు దిద్దే టైము లెక్కేసుకుంటుంది, అక్కణ్ణించి వెనక్కి వెళ్లి ఎన్ని ఇవ్వాలో నిర్ణయిస్తుంది. నేను సరిగ్గా తలకిందులుగా చేశాను.

తెలుగు ఇంటిపని సంగతి ఇంకా తమాషా. "కూర్మన్నపాలెం అని పదిసార్లు రాసుకు రండి" అంటే పిల్లలు ఏం చేస్తారో మీకు గుర్తుండే ఉంటుంది, మనమూ చేశాం. ముందు 'కూ' కింద 'కూ' కింద 'కూ' అని పది రాస్తారు. తర్వాత పక్కన 'ర్మ' పది. ఇటుకలు పేర్చినట్టు నిలువుగా పేరుస్తారు. పదిసార్లు రాసినట్టు కనిపిస్తుంది గానీ ఆ పదం ఒక్కసారి కూడా బుర్రలోకి వెళ్లదు. చూచిరాత దస్తూరీకి పనికొస్తుంది, చదవడానికి కాదు. పిన్ని దీన్ని బస్సు బోర్డుల మీదికి మార్చింది. "బడి నుంచి ఇంటికెళ్లే దారిలో ఒత్తు ఉన్న మూడు పేర్లు పట్టుకు రండి, చూడకుండా నల్లబల్ల మీద రాయాలి." మర్నాడు పిల్లలు మల్కాపురం, కూర్మన్నపాలెం, జ్ఞానాపురం మోసుకొస్తారు. జ్ఞానాపురంలో ఒత్తు ఏదని తరగతిలో పెద్ద గొడవ జరుగుతుందట. జకి ఞ ఒత్తు అని తేలేసరికి ఆ రోజు తెలుగు పాఠం అయిపోతుంది. ఏ సెలవు రోజో ఊరి మధ్యనుంచి పోర్టు వైపు వెళ్లొచ్చిన పిల్లకి అదొక గొప్ప వేట.

అసలు చిన్న పిల్లలకి ఇంటిపని ఉండాలా అన్న ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. 1989లో ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో తన తొలి ప్రసంగంలో పిల్లల వీపు మీది పుస్తకాల సంచుల గురించే మాట్లాడారు. తర్వాత 1992లో వేసిన యశ్‌పాల్ కమిటీ మరుసటేడు ఇచ్చిన నివేదికలో, ప్రాథమిక స్థాయిలో అసలు ఇంటిపనే వద్దు, ఇంటి పరిసరాల్ని పరిశీలించే పని అయితే సరే అంది. 2018లో మద్రాసు హైకోర్టు సీబీఎస్‌ఈ బడుల్లో ఒకటి, రెండు తరగతులకి ఇంటిపని ఇవ్వొద్దంది. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ కూడా రెండో తరగతి దాకా వద్దు, మూడు నుంచి ఐదుకి వారానికి రెండు గంటలకి మించొద్దు అని లెక్క కట్టింది. ఐదు రోజులకి పంచితే రోజుకి ఇరవై నాలుగు నిమిషాలు. మన చుట్టూ ఉన్న బడుల్లో యూకేజీ పిల్లల డైరీలు ఒకసారి తెరిచి చూస్తే ఈ మాటలు ఎంత దూరం వెళ్లాయో తెలుస్తుంది. నేను వేరే చెప్పక్కర్లేదు.

పరిశోధనలు కూడా ఇంటిపని పక్షాన గట్టిగా నిలబడవు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన హారిస్ కూపర్ బృందం 1987 నుంచి 2003 దాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 2006లో తేల్చింది ఏంటంటే, హైస్కూలు వయసులో ఇంటిపనికీ మార్కులకీ సంబంధం బాగానే కనిపిస్తుంది, ప్రాథమిక తరగతుల్లో అది బాగా బలహీనం. ఇక్కడ ఒక మెలిక ఉంది. చదువులో వెనకబడ్డ చిన్న పిల్లలకే ఇంటిపని చేయడానికి ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి గంటల్ని కొలిచి నిజం చెప్పడం కష్టం. ఈ చర్చలో నా ఓటు యశ్‌పాల్ కమిటీకే, కానీ ఒక షరతు మీద. పిల్లలు ఐదింటికి ఇంటికెళ్లి మర్నాడు తొమ్మిదింటి దాకా ఒక్క అక్షరం చూడకపోతే, నిన్నటి పాఠం ఇవాళ కొత్తగా మొదలెట్టాల్సి వస్తుంది. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని చూపించాడు, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువగా జారిపోతుందని.

పాతకాలం వీధిబడిలో ఈ తలనొప్పి లేదు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ (తెలుగు వ్యాకరణం రాసిన దొరే) ప్రభుత్వానికి పంపిన నివేదిక ప్రకారం, పిల్లలు ఉదయం ఆరింటికే బడికొచ్చేవారు. వల్లెవేత, ఎక్కాలు అన్నీ బడిలోనే. ఇక ఇంటికి మోసుకెళ్లేదేముంది?

ఇంటిపనిలో ఏం పెట్టాలన్నదానికి ఇంకో రహస్యం ఉంది. పిన్ని ఇచ్చే మూడు ప్రశ్నల్లో ఒకటి ఇవాళ్టి పాఠంలోది, ఒకటి పోయిన వారానిది, ఒకటి ఎప్పుడో నెల కిందటిది. పిల్లలకి ఇది నచ్చదు, తప్పులు ఎక్కువొస్తాయి. నాకూ నచ్చలేదు. కానీ రోరర్, టేలర్ అనే ఇద్దరు 2007లో కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగం చూడండి. ఘనాకృతుల పరిమాణం కనుక్కునే లెక్కల్ని ఒకరకం తర్వాత ఒకరకంగా చేసినవాళ్లకి సాధనలో 89 శాతం వచ్చింది, కలగలిపి చేసినవాళ్లకి 60. వారం తర్వాత పరీక్ష పెడితే మొదటివాళ్లకి 20 శాతం, రెండోవాళ్లకి 63. ఒకే రకం లెక్కలు ఇరవై చేస్తుంటే చేయి ఆడుతుంది, ఏ పద్ధతి వాడాలో ఎంచుకునే పని బుర్రకి ఉండదు. మిడ్‌కి ముందురోజు రాత్రి యూనిట్ వారీగా ఇంపార్టెంట్ క్వశ్చన్లు బట్టీపట్టే మన బ్యాచ్‌కి ఇది ఎక్కడో తగలాలి.

మా సాయంత్రం బడిలో ఒక కుర్రాడికి 35 × 4 కాగితం మీద రాదు. చేప ధర అడిగితే మాత్రం టకటకా చెప్తాడు. "కుప్ప ముప్పై అయిదన్నా, నాలుగు కుప్పలు నూట నలభై, నువ్వు అన్నవి కాబట్టి నూట ముప్పై." వాళ్లమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నది. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు, పళ్లు అమ్మే పిల్లల మీద 1985లో టెరెజినా నూనెస్ కారహర్ బృందం సరిగ్గా ఇదే చూసింది. బండి దగ్గర లెక్కల్లో 98 శాతం సరైన జవాబులు. అవే లెక్కలు కథలా రాసిస్తే 74. ఉత్త అంకెలుగా ఇస్తే 37. 2025లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో పనిచేసే పిల్లల దగ్గరా ఇలాంటిదే చూపించింది. అంతేకాదు, బళ్లో లెక్కలు బాగా వచ్చిన పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. అంటే రెండు ఒడ్లకీ మధ్య వంతెన లేదు. ఇంటిపని కనీసం ఒక పలక అక్కడ వేయగలదు. ఆ కుర్రాడికి ఇప్పుడు ఇస్తున్నది "అమ్మ ఇవాళ అమ్మిన కుప్పలు ఎన్ని, ధర ఎంత, నోటితో చేసిన లెక్కని కాగితం మీద బళ్లో చేసినట్టు చేసి తీసుకురా" అని.

ఇంటిని బడికి తేవడం ఇంత బాగుంటుందని తెలిశాక నాకు ధైర్యం ఎక్కువైంది. అక్కడే దెబ్బతిన్నాను.

నాలుగో తరగతి వాళ్లకి "మీ నాన్న చేసే పని గురించి ఐదు వాక్యాలు" అని ఇచ్చాను. ఉక్కునగరం పక్కన ఉన్నాం, పోర్టు ఉంది, షిప్‌యార్డు ఉంది, ఎన్ని రకాల పనులు వస్తాయో అని సంబరపడ్డాను. మర్నాడు అందర్నీ నిలబెట్టి చదివించాను. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "మా నాన్న క్రేను నడుపుతాడు" అని మొదలెట్టింది. వెనకనుంచి ఒక పిల్లాడు, "అబద్దం అన్నా, ఆల్ల నాన్న పనికెల్లట్లేదు, ఇంటికాడే ఉంటన్నాడు" అన్నాడు. మిగతా వాళ్లు నవ్వారు. ఆ అమ్మాయి ఐదు వాక్యాలూ పూర్తిగా చదివింది, తలెత్తకుండా. కూర్చుంది. మరుసటి రోజు నుంచి రాలేదు.

కాంట్రాక్టు పని పోయి రెండు నెలలైందట. ఇంట్లో ఆ మాట ఎత్తరట. ఎదురింటి అమ్మాయి చెప్పింది.

పిన్ని దగ్గరకెళ్తే ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు. "ఆ ప్రశ్న ఇచ్చేముందు ఇరవై ఆరు ఇళ్లలోకి ఒకసారి మనసులో నడిచి రావాలి నాన్నా. నాన్న లేని ఇల్లు, నాన్న బి షిఫ్టులో ఉండి రాత్రి పదకొండుకి వచ్చే ఇల్లు, తాగొచ్చే ఇల్లు, పని లేని ఇల్లు. ఎవరి గుమ్మం దగ్గర ఆగిపోతే ఆ ప్రశ్న అక్కడితో సరి" అంది. తర్వాత, "నిలబెట్టి చదివించడం ఎందుకసలు?" అని కూడా అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆవిడ అయితే అదే ప్రశ్నని ఇలా ఇస్తుందట. "మీ ఇంట్లోనో వీధిలోనో ఎవరైనా చేతుల్తో చేసే ఒక పని చూడు. ముందు ఏం చేశారు, తర్వాత ఏం చేశారు, వరసగా రాయి." పని టీ పెట్టడం కావచ్చు, వల అల్లుకోవడం కావచ్చు, సైకిల్ పంక్చరు కావచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు, కళ్లుంటే చాలు. చదవడం రాని అమ్మ కూడా ఈ ఇంటిపనికి అడ్డం కాదు. రాయడానికి మూడు, నాలుగు రోజుల గడువిస్తుంది, షిఫ్టు మనిషి కూడా ఒక్కరోజైనా పిల్లలకి కనబడేలా. డైరీలో తల్లిదండ్రుల సంతకం మాత్రం అడగదు. సంతకం రాని ఇంట్లో అది పిల్లల మీద కాదు, పెద్దల మీద పరీక్ష అవుతుంది.

ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పొస్తానన్నాను. "వెళ్లి ఆయన ముందు ఏమని చెప్తావు?" అంది పిన్ని. వెళ్లలేదు. ఎదురింటి అమ్మాయితో వారం వారం కాగితం పంపించాను, అందరికీ ఇచ్చినదే. మొదటి వారం ఏమీ రాలేదు.

పన్నెండో రోజు సాయంత్రం వచ్చింది. ముందు వరసలో కాదు, గోడ పక్కన కూర్చుంది. చేతుల్తో చేసే పని గురించి ఏమీ రాసుకురాలేదు, నేనూ అడగలేదు. లెక్కల కాగితం మాత్రం మడతపెట్టి ఇచ్చింది. ఆ వారం లెక్కలు ఇవి: 53 − 27, 61 − 38, 80 − 46, 47 − 23, 304 − 168. మొదటి నాలుగూ ఒప్పే. ఐదోదానికి 236 అని రాసింది. తిరగేస్తే 264 వచ్చేది, అప్పు తెచ్చి తగ్గించడం మర్చిపోతే 246 వచ్చేది. 236 అంటే సున్నాని 9 చేసింది గానీ, ఆ 9 వందల దగ్గర నుంచి రావాలని చూసుకోలేదు. తప్పని కొట్టకుండా పెన్సిలుతో 3 చుట్టూ చిన్న సున్నా చుట్టాను. ఆ అమ్మాయి కాసేపు చూసి, "ఇక్కడ ఒకటి తీయాలా అన్నా?" అంది.